రీడ్ రిలేనా, మామూలు రిలేనా?

బెంగళూరులోని ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్‌పీ రోడ్‌కి ప్రాజెక్టు సామాన్లకని వెళ్లే మన పిల్లలు ఎక్కువగా తటపటాయించేది ఇక్కడే. రిలే అంటే కరెంటుతో నడిచే స్విచ్: కాయిల్ (తీగచుట్ట)లో కరెంటు పారితే అది అయస్కాంతమై లోపలి రేకుల్ని కలుపుతుంది.

ధర: మామూలు రిలే చవక, ఏ కొట్లో అడిగినా ఇస్తారు. రీడ్‌ది ఖరీదెక్కువ, నాలుగు కొట్లు తిరగాలి.

లోడు: మామూలుది 10 ఆంపియర్ల దాకా మోస్తుంది. రీడ్ రిలేలు చాలావరకు 1 ఆంపియర్ లోపే, మోటారు స్టార్టయ్యేటప్పుడు ఒక్కసారిగా వచ్చే కరెంటుకి లోపలి రేకులు అతుక్కుపోయి ఇక విడవవు.

నమ్మకం: ఇందులో మాత్రం రీడ్‌కి తిరుగులేదు. 1936లో బెల్ ల్యాబ్స్‌లో వాల్టర్ ఎల్‌వుడ్ కనిపెట్టిన ఆ పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది: సన్నటి గాజు గొట్టం, అందులో కొసలు ఒకదానిమీద ఒకటి వచ్చేలా రెండు ఇనుము-నికెల్ రేకులు, నైట్రోజన్ లాంటి వాయువు నింపి రెండు వైపులా సీలు. దుమ్ము, తేమ సోకవు కాబట్టి చిన్న సిగ్నల్ కూడా చెడకుండా పోతుంది, పైగా 1 మిల్లీసెకను లోపే కలుస్తుంది. మామూలుదానికి 5 నుంచి 10 పడుతుంది.

శ్రమ: కాయిల్ రెండు కొసల మధ్య డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చే భాగం) రెండింటికీ తప్పదు. విడి రీడ్ గొట్టం కొంటే మాత్రం కాలుని (బయటికొచ్చిన తీగని) గాజు దగ్గర ప్లయర్‌తో పట్టుకుని, దాని అవతల వంచండి, లేకపోతే గాజు చిట్లుతుంది.

ఫ్యాను, లైటు, చిన్న పంపు అయితే మామూలు రిలే చాలు. సెన్సర్ సిగ్నళ్లు, కొలత పరికరాలు, రోజంతా టకటకా మారే టెస్ట్ బోర్డులకైతే ధర చూడకుండా రీడ్ తీసుకోండి.