బేగంబజార్ ఇనుప కడాయి, 6 నెలల వాడకం తర్వాత

ముందే చెప్పేస్తా, ఫాస్ట్ ఫుడ్ సెంటర్ ఫ్రైడ్ రైస్, నూడుల్స్, మంచూరియా ఇంట్లో అదే రుచితో రావట్లేదని బాధపడేవాళ్లు ఎవరైనా ఉంటే ఈ కడాయి కొనుక్కోండి. మసాలా ప్యాకెట్లు మారుస్తూ, సాసుల బ్రాండ్లు మారుస్తూ నేను రెండేళ్లు తిరిగాను, తేడా అక్కడ లేదని ఇది కొన్నాకే అర్థమైంది.

మేం కూకట్‌పల్లిలో ఉంటాం, నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, అత్తయ్య గారు. శనివారం రాత్రి అయిందంటే పిల్లలకి ఫ్రైడ్ రైస్ ఉండాల్సిందే. రెండు చికెన్ ఫ్రైడ్ రైస్, ఒక చికెన్ నూడుల్స్, ఒక గోబీ మంచూరియా, ఇదీ మా మామూలు ఆర్డర్. తినేది 690 రూపాయలకే అయినా ప్యాకింగ్, డెలివరీ, ట్యాక్స్ అన్నీ కలిపి 820 దాకా అయ్యేది. నెలకి నాలుగు శనివారాలు అంటే 3,280. పాప ట్యూషన్ ఫీజు కన్నా ఎక్కువ. పైగా వేడివేడిగా డబ్బాలో పెట్టి మూత వేసేస్తారు కదా, ఆవిరంతా లోపలే పట్టేసి ఇంటికొచ్చేసరికి మంచూరియా మెత్తబడిపోయి, రైస్ అడుగున నీరు చేరి ఉండేది.

సరే ఇంట్లోనే చేద్దామని మొదలుపెట్టా. అప్పుడు నా దగ్గర ఉన్నది నాన్‌స్టిక్ పాన్. అందులో ఎంత చేసినా అన్నం ఉడికినట్టు ఉండేది తప్ప వేగినట్టు ఉండేది కాదు, పెద్ద మంట మీద పెడదామంటే ఆ కోటింగ్ 260 డిగ్రీలు దాటితే పాడైపోవడం మొదలవుతుంది, ఖాళీగా కాల్చకూడదు, నాది ఏడాది తిరక్కుండానే అడుగున పొరలు పొరలుగా లేచిపోయింది. స్టీల్ కడాయిలో చేస్తే అన్నం మొత్తం అడుగంటేది. అల్యూమినియం బాండీలో కాస్త నయం, కానీ ఫాస్ట్ ఫుడ్ బండి దగ్గర వచ్చే పొగ వాసన, ఆ కమ్మటి మాడు వాసన మాత్రం రాలేదు.

మా వీధి చివర ఒక ఫాస్ట్ ఫుడ్ బండి ఉంది. ఒకరోజు పార్సెల్ కోసం వెయిట్ చేస్తూ పక్కనే నిలబడి మొత్తం చూశా. ఆ అబ్బాయి కడాయిని ముందు ఖాళీగా మంట మీద పెట్టాడు, అడుగు నుంచి పొగ లేచే దాకా ఏమీ వెయ్యలేదు. గరిటెతో నూనె తిప్పి, గుడ్లు కొట్టి, అవి పొంగుతుండగానే క్యాబేజీ, క్యారెట్, బీన్స్, ఆ వెంటనే అన్నం. అన్నాన్ని కలపలేదు, గరిటె వెనక వైపుతో కడాయికి అదిమి పరిచాడు, ఒక్క క్షణం ఆగి ఎగరేశాడు, మళ్లీ అదిమాడు. సోయా సాస్ అన్నం మీద పోస్తాడేమో అనుకున్నా, అన్నాన్ని ఒక పక్కకి లాగి ఖాళీ అయిన కడాయి గోడ మీద పోశాడు. చుయ్‌మని పొగ లేచి వాసన నా దాకా వచ్చింది. అడిగితే, "అక్కా, సాస్ అన్నం మీద పోస్తే పచ్చివాసన వస్తది, ఇనుము మీద మాడితేనే టేస్ట్. ఇంకోటి, నేను ఒకసారికి రెండు ప్లేట్లకి మించి ఎయ్యను" అన్నాడు. ఆ మాటకి ఆ అబ్బాయికి ఎన్నిసార్లు థాంక్స్ చెప్పినా తక్కువే.

ఆ వారంలోనే బేగంబజార్ వెళ్లాం. ఆదివారం మాత్రం వెళ్లకండి, మేం మొదట ఆదివారమే వెళ్తే చాలా షాపులు మూసి ఉన్నాయి, తిరిగొచ్చేశాం. గిన్నెల షాపుల్లో ఇనుప సామాను తూకం మీద అమ్ముతారు. మేం తీసుకున్నది 12 అంగుళాల కడాయి, 1.8 కిలోలు తూగింది, కిలో 300 చొప్పున 540 రూపాయలు. షాపాయన చేత్తో తట్టి చూపించి "ఇది కొట్టిన ఇనుము అక్కా, పోత పోసింది కాదు, కింద పడ్డా పగలది, మస్తు ఏండ్లు వస్తది" అన్నాడు. పోత ఇనుము కడాయిలు కూడా చూశా, అవి వేడిని బాగా పట్టి ఉంచుతాయి కానీ వేడెక్కడానికి టైమ్ పడుతుంది, బరువు కూడా చాలా ఎక్కువ, ఎగరేయడం నా వల్ల కాదు. ఫ్రైడ్ రైస్‌కి ఈ కొట్టిన ఇనుమే మేలు.

తెచ్చిన వెంటనే వండకండి. కొత్త ఇనుముకి తుప్పు పట్టకుండా నూనో గ్రీజో పూసి ఉంటుంది, చింతపండు, కొబ్బరిపీచు పెట్టి రెండుసార్లు గట్టిగా తోమాలి. తర్వాత అత్తయ్య గారు చెప్పినట్టు గంజి పోసి మరిగించాం, ఆరబెట్టి పొయ్యి మీద బాగా కాల్చి, ఉల్లిపాయ చెక్కని నూనెలో ముంచి లోపలంతా రుద్దాం. నూనె పల్చగా పూసి పొగ వచ్చేదాకా కాల్చడం, చల్లార్చడం, మళ్లీ పూయడం, ఇలా నాలుగైదు సార్లు. ఆ నూనె వేడికి గట్టిపడి ఇనుము మీద నల్లటి పొరలా అతుక్కుంటుంది, అదే మన నాన్‌స్టిక్ కోటింగ్. నూనె మందంగా పూస్తే మాత్రం జిగటగా అయిపోతుంది, మొదటిసారి నాకు అలాగే అయింది, మళ్లీ తోమి మొదలుపెట్టా. మూడో నెలకి ఆ నలుపు నిగనిగలాడుతూ వచ్చింది, ఇప్పుడు గుడ్డు వేస్తే జారుతుంది. మా అమ్మమ్మ గారింట్లో అట్ల పెనం కూడా ఇలాగే ఉండేది, దాన్ని ఎవరికీ తోమనిచ్చేది కాదు ఆవిడ.

ఇక వంట సంగతి. అన్నం ముందురోజు రాత్రే వండి పెట్టుకోవాలి, సోనామసూరికి గ్లాసుకి రెండు గ్లాసులు పోసేవాళ్లు ఒకటిన్నరే పోయండి. ఉడకగానే పళ్లెంలో పరిచి ఫ్యాన్ కింద ఆరబెట్టి, చల్లారిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. చల్లబడ్డాక అన్నంలో పిండి పదార్థం గట్టిపడి మెతుకు మెతుకుకి విడిపోతుంది, బండి వాళ్ల పొడిపొడి అన్నం రహస్యం అదే. రాత్రంతా బయట మాత్రం వదిలేయకండి, దయచేసి. వండినా చావని ఒక రకం బ్యాక్టీరియా బీజాలు (స్పోర్లు) బియ్యంలో ఉంటాయి, అన్నం బయటే ఉంటే అవి పెరిగి విషం తయారుచేస్తాయి, పొద్దున మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. పిల్లలకి పెట్టేది కాబట్టి ఇది గట్టిగా చెప్తున్నా.

శనివారం సాయంత్రం కూరగాయలన్నీ సన్నగా తరిగి, చికెన్ ముక్కలు ముందే వేయించి, సాసులు, మిరియాల పొడి, ఉప్పు అన్నీ చేతికి అందేలా పెట్టుకుంటా, ఒకసారి కడాయి వేడెక్కాక వెతుక్కునే టైమ్ ఉండదు. పెద్ద బర్నర్ మీద ఖాళీ కడాయి నాలుగైదు నిమిషాలు. నీటి చుక్క వేస్తే ఆవిరైపోకుండా ముత్యంలా దొర్లాలి, అప్పుడు నూనె. ఒకసారికి ఒక్క ప్లేటే, అంటే రెండు కప్పుల అన్నం. అందరికీ ఒకేసారి వేసేద్దాం అనిపిస్తుంది, మొదట్లో నేనూ అలాగే వేశా, చల్లటి అన్నం అంత పడగానే వేడి దిగిపోయి మళ్లీ ఉడకడమే అయింది. మన ఇంటి మంట చిన్నది, ఆ వేడిని దాచి పెట్టుకునేది ఇనుమే, దానికి మోయగలిగినంతే ఇవ్వాలి. నాలుగు ప్లేట్లకి కలిపి ఇరవై నిమిషాలు పడుతుంది, వేసింది వేసినట్టు పిల్లలకి పెట్టేస్తా.

మా మరిది హై ప్రెషర్ కమర్షియల్ బర్నర్ తెచ్చిస్తానన్నాడు, వద్దన్నాం. ఇంటి వంటగదిలో, ఇంటి సిలిండర్‌కి అది పెట్టకూడదు, అవసరం కూడా లేదు.

ఖర్చు లెక్క రాసి పెట్టుకున్నా. బియ్యం అర కిలో 30, బోన్‌లెస్ చికెన్ 300 గ్రాములు 120, గుడ్లు నాలుగు 28, నూడుల్స్ ప్యాకెట్ 40, క్యాబేజీ క్యారెట్ బీన్స్ క్యాప్సికమ్ కలిపి 40, గోబీ పువ్వు 40, మైదా కార్న్‌ఫ్లోర్ 20, సాసులు 15, నూనె 40, గ్యాస్ 15 అనుకుందాం. మొత్తం 388. అంటే వారానికి 430 రూపాయల పైనే మిగులుతోంది, కడాయి డబ్బులు రెండో శనివారానికే వచ్చేశాయి. సోయా, వెనిగర్, గ్రీన్ చిల్లీ సాస్ మూడూ కలిపి 200 అయింది, మూడు నెలలు వచ్చాయి.

మంచూరియా గురించి ఒక మాట. పేరు చూసి చైనా వంట అనుకుంటాం కానీ చికెన్ మంచూరియన్ పుట్టింది ముంబైలో, 1975లో నెల్సన్ వాంగ్ అనే ఆయన చేశారని చెప్తారు. మనోళ్లు దాన్ని గోబీకి తెచ్చి సొంతం చేసుకున్నారు. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో ఆర్టిఫిషియల్ కలర్లు వాడొద్దని నిషేధం పెట్టినప్పటి నుంచి నాకు బయట ఆ ఎర్ర రంగు చూస్తే మనసొప్పదు. ఇంట్లో కశ్మీరీ కారం వేస్తా, రంగు అదే వస్తుంది. టేస్టింగ్ సాల్ట్ విషయానికొస్తే చిటికెడు వేస్తా, లేకపోయినా ఫ్రైడ్ రైస్ బాగానే వచ్చింది, ఆ రుచిలో ఎక్కువ భాగం కడాయి వేడిదే.

ఇప్పుడు ఇబ్బందులు. అడుగు గుండ్రంగా ఉంటుంది కాబట్టి మన స్టవ్ మీద ఊగుతుంది, 80 రూపాయలు పెట్టి రింగ్ విడిగా కొన్నా, అది లేకుండా పిల్లలున్న ఇంట్లో వాడొద్దు. రెండు చెవులూ ఇనుమే, మంటకి కాలిపోతాయి, రెండు మసిగుడ్డలు ఎప్పుడూ పక్కన ఉండాలి. ఒకరాత్రి కడిగి తుడవకుండా వదిలేస్తే పొద్దునకి ఎర్రగా తుప్పు చారలు కనిపించాయి. కడిగిన వెంటనే పొయ్యి మీద పెట్టి నీరంతా ఆరనిచ్చి, నూనె గుడ్డతో తుడిచి పెట్టాలి, రెండు నిమిషాల పని కానీ మర్చిపోకూడదు. పులుపు ఎక్కువసేపు మరిగితే కూర నల్లబడుతుంది, ఇనుప రుచి వస్తుంది, కష్టపడి పట్టించిన నల్లటి పొర కూడా పోతుంది. అందుకే మంచూరియా గ్రేవీ ఇందులో కలిపి వెంటనే వేరే గిన్నెలోకి తీసేస్తా. టమాటా, చింతపండు కూరలకి వేరే బాండీ. 1.8 కిలోలకి అన్నం కూడా తోడైతే నా మణికట్టు నొప్పి పుడుతుంది, అందుకే ఎగరేయడం మానేసి అట్లకాడతో అడుగు నుంచి తిప్పుతున్నా, రుచిలో తేడా రాలేదు.

గ్లాస్ టాప్ ఎలక్ట్రిక్ స్టవ్‌లు ఉన్న ఇళ్లకి ఈ గుండ్రటి అడుగు పనికిరాదు. మా చెల్లి డాలస్‌లో ఉంటుంది, తను అడుగు చదునుగా ఉన్న కార్బన్ స్టీల్ వాక్ (చైనా వాళ్ల కడాయి) తీసుకుంది, గంజి, ఉల్లిపాయ, నూనె పద్ధతి వీడియో కాల్‌లో నేనే చేయించా, మొన్న పంపిన ఫోటోలో ఫ్రైడ్ రైస్ మెతుకులు విడివిడిగా ఉన్నాయి. ఆ స్టవ్ మీద మొత్తం అయిదు ప్లేట్లకి కలిపి ఇంకో అరగంట ఎక్కువ పడుతుంది, ఓపిక పట్టాలి అంతే అని చెప్పింది.

బిర్యానీకి మాత్రం దీన్ని వాడాలని చూడకండి, మూత గట్టిగా కూర్చోదు, దమ్ పట్టదు. మా ఇంట్లో బిర్యానీ ఇప్పటికీ నెలకోసారి హోటల్ నుంచే.

మొత్తం మీద 5కి నాలుగున్నర ఇస్తా, ఆ అర తగ్గించింది చెవుల వల్ల. కొనేటప్పుడు లోపల చేత్తో తడిమి చూడండి, ఎక్కడా గరుకు గీతలు, చిల్లుల్లాంటివి ఉండకూడదు, చెవులు రివెట్లతో గట్టిగా బిగించి ఉన్నాయో లేదో లాగి చూడండి, రింగ్ కూడా అదే షాపులో కడాయి పెట్టి సరిపోతుందో చూసుకుని తీసుకోండి, మళ్లీ అంత దూరం వెళ్లక్కర్లేదు.