విజయనగరంలో వరల్డ్ హిస్టరీ వీకెండ్ బ్యాచ్: క్లాస్ అదిరింది, నోట్స్ దండగ

ఇన్‌స్టిట్యూట్ పేరు రాయట్లేదండి, ఇందులో తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి. కోట చుట్టుపక్కలే, కింద జిరాక్స్ షాపు పైన క్లాసు. నేను చేరింది ఒక్క మాడ్యూల్‌కే, నియంత ప్రభుత్వాలు జనం రోడ్డెక్కితే ఏం చేస్తాయి, మత సంస్థల్ని ఎలా చూస్తాయి అన్నది టాపిక్, ఫీజు 1,800. క్లాసుకి 5 కి నాలుగున్నర ఇస్తా, నోట్స్‌కి 1, కూర్చునే బెంచీలకి అదీ ఇవ్వను.

సార్ రిటైర్డ్ లెక్చరర్, పీపీటీ గీపీటీ ఏం లేదు, చాక్‌పీసే. వచ్చీరాగానే బోర్డు మీద 1989 జూన్ 4 అని రాసి మధ్యలో గీత గీసి ఒకపక్క బీజింగ్, ఇంకోపక్క వార్సా అన్నారు. ఒకే రోజు. అక్కడ తియానన్మెన్ చుట్టూ జనం మీద తుపాకులు, ఇక్కడ పోలండ్‌లో పోలింగ్, పోటీకి వదిలిన దిగువ సభ సీట్లు 161 కి 161, సెనేట్‌లో 100 కి 99 సాలిడారిటీ (సర్కారుని ఎదిరించిన కార్మిక సంఘం) వాళ్ళు పట్టుకుపోయారు (రెండో విడత కూడా కలిపి). రెండుచోట్లా కమ్యూనిస్టు ప్రభుత్వమే కదా మరి తేడా ఎక్కడ అని అడిగి, మమ్మల్ని కొట్టుకోనిచ్చి ఆయన టీ తాగుతూ కూర్చున్నారు.

సోవియట్ నేత గోర్బచెవ్ ట్యాంకులు పంపనన్నాడు, పోలండ్ అప్పుల్లో మునిగింది, ఇవన్నీ చెప్పారు గానీ ఎక్కువసేపు ఆగింది చర్చి దగ్గర. పోలండ్ వాడు కూడా ముందు లాఠీతోనే మొదలెట్టాడు, 1981 డిసెంబర్ 13న మార్షల్ లా పెట్టి వేలమందిని లోపలేశాడు, తర్వాత సాలిడారిటీని రద్దు చేసేశాడు. "సంఘాన్ని రద్దు చేస్తావు, ఆఫీసుకి తాళం వేస్తావు, ఆదివారాన్ని ఏం చేస్తావురా బాబూ" అన్నారు సార్. 1984లో పొపియెవుష్కో అనే ఫాదర్‌ని సీక్రెట్ పోలీసులు చంపితే అంత్యక్రియలకి లక్షల్లో జనం వచ్చారట, ఆఖరికి సర్కారు తన ఆఫీసర్లనే కోర్టులో నిలబెట్టి శిక్ష వేయించాల్సొచ్చింది.

లైప్‌జిగ్ సంగతి ఇంకా తమాషా. తూర్పు జర్మనీలో సోమవారం ప్రార్థనలకని చర్చికి వచ్చి అట్నుంచటే ఊరేగింపుగా వెళ్ళేవారు, 1989 అక్టోబర్ 9న జనానికి చోటు లేకుండా చేద్దామని పార్టీ తన మనుషుల్నే వందల్లో ముందుగా పంపి చర్చిలో కూర్చోబెట్టింది. పాపం వాళ్ళు ప్రార్థన మొత్తం వినాల్సొచ్చింది, బయటేమో 70,000 మంది. పోలీసులు కాల్చలేదు, నెలకి బెర్లిన్ గోడే పోయింది.

బర్మా క్లాసు ఒక్కదానికే ఫీజంతా ఇచ్చినా తప్పులేదు. మన శ్రీకాకుళం విజయనగరం వైపు రంగూన్‌కి కూలికెళ్ళినోళ్ళ కుటుంబాలు ఎన్నో కదా, నా పక్కన కూర్చున్న పలాస కుర్రాడు "మా తాతమ్మ అక్కడ పుట్టిందేనండి" అనగానే క్లాసు మొత్తం ముందుకి వంగింది. 2007 ఆగస్టులో ఒక్కసారిగా డీజిల్ ధర రెట్టింపు, బండ్ల గ్యాసు (సీఎన్‌జీ) ఐదు రెట్లు చేసేసరికి జనం బయటికొచ్చారు, వాళ్ళ వెనక భిక్షువులు. పకొక్కు అనే ఊళ్ళో సైనికులు భిక్షువుల్ని కొట్టారు, క్షమాపణ చెప్పమంటే చెప్పలేదు. అప్పుడు వాళ్ళు చేసిన పని చూపించడానికి సార్ తన టిఫిన్ క్యారేజీలో గిన్నె తీసి టేబుల్ మీద బోర్లించారు. మిలిటరీ వాళ్ళ భిక్ష మాకొద్దు అని అర్థం. భిక్ష తీసుకునేవాడు లేకపోతే ఇచ్చేవాడికి పుణ్యం ఎక్కడిది, బౌద్ధులైన జనరళ్ళకి అది ఎంత దెబ్బో వేరే చెప్పక్కర్లేదు. ఆ తర్వాత మామూలే, రాత్రిపూట ఆరామాల మీద దాడులు, సెప్టెంబర్ 27న రంగూన్ వీధిలో జపాన్ విలేఖరి కెంజి నగాయ్‌ని కాల్చేయడం, నెట్ కట్.

కొట్టడం అందరికీ తెలిసిందే గానీ మత సంస్థల్ని సర్కారు తన జేబులో వేసుకోవడం గురించి సార్ చెప్పింది నేనెక్కడా వినలేదు. బర్మాలో 1980 నుంచే 47 మంది భిక్షువులతో సర్కారు కమిటీ ఉంది, చైనాలో బౌద్ధులకీ క్రైస్తవులకీ పార్టీ చెప్పుచేతల్లో ఉండే సంఘాలున్నాయి, అందులో లేనోడు అనుమానితుడే. 1999 ఏప్రిల్ 25న ఫాలున్ గాంగ్ (ధ్యానం, వ్యాయామాలు చేసే ఆధ్యాత్మిక బృందం) వాళ్ళు పదివేల మంది దాకా నినాదం లేకుండా పార్టీ పెద్దలుండే ఝోంగ్‌నన్‌హై పక్కన నిలబడితే జూలైకల్లా నిషేధం. అడక్కుండా అంతమంది ఒకచోటికి రాగలిగారే అన్నదే భయం. 2007లో అయితే టిబెట్ లామాలు మళ్ళీ పుట్టాలంటే ప్రభుత్వ అనుమతి కావాలని ఆర్డర్. "మరేటండి సార్, సచ్చిపోయినోడు కలెక్టరాఫీసుకి అర్జీ ఎట్టుకోవాలేటి" అని వెనక బెంచి నుంచి ఎవడో అన్నాడు, నవ్వలేక చచ్చాం. కానీ పంచన్ లామాగా (టిబెట్‌లో దలైలామా తర్వాతి పెద్ద లామా) గుర్తించిన ఆరేళ్ళ పిల్లాణ్ణి 1995లో చైనా సర్కారు తీసుకుపోతే ఇంతవరకు బయట కనపడలేదని చెప్పగానే అందరూ సైలెంట్.

ఇక తిట్లు. ఇంత బాగా చెప్పిన ఈ జేబులో వేసుకునే పార్ట్ నోట్స్‌లో ఒక్క లైన్ లేదు! ఎప్పుడు కాల్చారు ఎంతమంది పోయారు అంతే, అదీ జిరాక్స్‌కి జిరాక్స్, పోలండ్ పేజీ రెండుసార్లు, ఇరాన్ పేజీ గల్లంతు. ఇరాన్‌ని క్లాసులో కూడా పరిగెత్తించారు, 1978లో కోమ్ అనే ఊళ్ళో సర్కారు కాల్పుల్లో చనిపోయినవాళ్ళ నలభయ్యో రోజున తబ్రీజ్‌లో గొడవ, అక్కడ పోయినవాళ్ళకి మళ్ళీ నలభై, అలా ఇరాన్ రాజు షా దేశం విడిచిపోయేదాకా నడిచిన కథ అది, ఒక పూట పెట్టాల్సింది. ఇంకోటి, సార్ మాటల్లో మతం ఎప్పుడూ జనం పక్కనే ఉంటుంది. ఆముదాలవలస అమ్మాయి లేచి "మరి ఇరాన్‌లో మతమే కుర్చీలో ఉంది కదండీ, 2022లో హిజాబ్ సరిగ్గా లేదని పట్టుకెళ్ళిన మహ్సా అమీనీ చనిపోయాక అమ్మాయిల మీదకి పోలీసుల్ని తోలింది వాళ్ళే కదా" అంటే "అది సిలబస్‌లో లేదమ్మా" అని దాటేశారు. రష్యాలో పెద్ద చర్చి పుతిన్ పక్కన, యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకి 2017లో సుప్రీంకోర్టు నిషేధం, అదీ లేదు. ఆ అమ్మాయి ప్రశ్నకి జవాబు చెప్పుంటే ఐదుకి ఐదు ఇచ్చేవాణ్ణి.

చేరేవాళ్ళు నోట్స్‌కి అడిగే 300 కట్టకండి, సొంతంగా రాసుకోండి. కరెంటు పోతే ఇన్వర్టర్ లేదు, కిటికీ పక్క బెంచి పట్టుకోండి. సిరిమాను జాతర వారం క్లాసులుండవు, ఆ వారం ఎప్పుడు సర్దుతారో డబ్బు కట్టకముందే అడిగి రాయించుకోండి.