డ్రై క్లచ్ ఆటోమేటిక్ కారు: లక్ష కిలోమీటర్లకి దగ్గరపడ్డాక రాస్తున్నా

ఏడు గేర్ల డ్రై డ్యుయల్ క్లచ్ గేర్‌బాక్స్ (ఇంజిన్‌ని గేర్‌బాక్స్‌తో కలిపే క్లచ్‌లు రెండు, ఆయిల్‌లో మునగకుండా పొడిగా ఉంటాయి, గేర్లు కారే మార్చుకుంటుంది) ఉన్న కారు చాలా ఏళ్లుగా నడుపుతున్నా, కొన్నప్పుడు వచ్చిన క్లచ్చే ఇంకా నడుస్తోంది. పికప్, మైలేజీ గురించి అందరూ రాస్తారు కాబట్టి వాటి జోలికి పోను. క్లచ్ జారి కాలిపోకుండా కారు తనని తాను ఎంతవరకు కాపాడుకుంటుంది, మన కాలు మీద ఎంత ఆధారపడి ఉంది, అదొక్కటే చెప్తా.

హైవే మీద వంక పెట్టడానికి ఏం లేదు, గేరు మారేటప్పుడు జారేది రెప్పపాటే. గొడవంతా 10 స్పీడు లోపలే. ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఇంజిన్ 800 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంటే ఫస్ట్ గేరులో క్లచ్ పూర్తిగా పట్టుకున్నాక బండి సుమారు 5, 6 స్పీడులో పోతుంది, అంతకంటే మెల్లగా పాకాలంటే క్లచ్ సగం పట్టి సగం జారాల్సిందే, ఎవరు తయారుచేసినా ఇంతే. ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా అందించే మామూలు ఆటోమేటిక్, అంటే టార్క్ కన్వర్టర్‌లో ఆ జారుడు ఆయిల్‌లోనే జరిగిపోతుంది, ఆయిల్‌లో మునిగి ఉండే వెట్ క్లచ్‌లో వేడిని ఆయిల్ లాగేస్తుంది, డ్రైలో గాలి తప్ప దిక్కు లేదు.

రక్షణ అయితే ఉంది. ఇంజిన్ ఎంత తిరుగుతోంది, గేర్‌బాక్స్ లోపలి షాఫ్ట్ ఎంత తిరుగుతోంది అని కంప్యూటర్ పోల్చుకుంటూ క్లచ్ వేడిని అంచనా కడుతుంది. హద్దు దాటితే నా కారు ముందు కావాలనే కుదుపుతుంది, తర్వాత స్క్రీన్ మీద మెసేజ్, అప్పటికీ వినకపోతే క్లచ్ వదిలేస్తుంది, ఇక యాక్సిలరేటర్ ఎంత తొక్కినా కదలదు. మంచిదే, కానీ నా కంప్లైంట్ ఏంటంటే ఇదంతా ఆలస్యంగా వస్తుంది, పైగా ఆ కుదుపు చూసి కొత్తవాళ్లు బండి పాడైందనుకుంటారు. ఇంజిన్ వేడికి మీటర్ పెట్టినోళ్లు క్లచ్‌కి ఎందుకు పెట్టలేదో!

ఓబీడీ రీడర్ (కారు కంప్యూటర్‌లోని అంకెలు చూపించే పరికరం) పెట్టి చూస్తే నా బండిలో క్లచ్ వేడి కనిపించింది, డబ్బు దండగ కాలేదు. చదును రోడ్డు ట్రాఫిక్‌లో అంకె మెల్లగా ఎక్కుతుంది, ఏటవాలు ర్యాంపు మీద రివర్స్ ఎక్కిస్తే మాత్రం చూస్తుండగానే లేచిపోతుంది, దిగడానికి చాలా టైం తీసుకుంటుంది. అందుకే ర్యాంపు మీద రివర్స్‌లో అటూఇటూ సర్దడం మానేశా.

ట్రాఫిక్‌లో ముందున్న బండి జరిగిన ప్రతిసారీ అంగుళం అంగుళం పాకించను, కాస్త ఖాళీ రానిచ్చి ఒక్కసారి కదిలించి బ్రేక్ గట్టిగా నొక్కి ఆపేస్తా. బ్రేక్ గట్టిగా నొక్కి ఉంటే క్లచ్ విడిపోయే ఉంటుంది, సిగ్నల్ దగ్గర ప్రతిసారీ న్యూట్రల్‌కి మార్చే పని లేదు, పైపైన నొక్కి నెమ్మదిగా జరగనిస్తేనే అది రుద్దుకుంటుంది. ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టడం అన్నిటికంటే దారుణం, ఆటో హోల్డ్ (బ్రేక్ మీద కాలు తీసినా బండిని ఆపి ఉంచే ఫీచర్) ఉన్నది దానికే. ఒకటి రెండు గేర్ల మధ్య ఊగుతుంటే మాన్యువల్ మోడ్‌లో ఫస్ట్‌లోనే ఉంచేస్తా. మెసేజ్ వస్తే పక్కకి ఆపి పార్క్‌లో వేసి ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి చల్లారనివ్వాలి.

క్లచ్ అరిగేకొద్దీ పట్టుకునే చోటు మారుతుంది, సర్వీసులో అడాప్టేషన్ (ఆ కొత్త చోటుని కంప్యూటర్‌కి నేర్పడం) చేయించాక నా బండిలో స్టార్టింగ్ వణుకు బాగా తగ్గింది, అడిగితే గానీ చేయరు. రోజంతా ట్రాఫిక్‌లో పాకే డ్యూటీ అయితే మాత్రం టార్క్ కన్వర్టర్ తీసుకోండి, ఇది వద్దు.