విరాట్ బాయిలర్ రూమ్‌లో ఏడేళ్లు: సెకండ్ హ్యాండ్ ఓడ గురించి నా మాట

సెకండ్ హ్యాండ్ ఓడ అనగానే మనవాళ్లు మొహం చిట్లిస్తారు. మన నౌకాదళం బ్రిటన్ నుంచి కొన్న విమానవాహక నౌక ఐఎన్‌ఎస్ విరాట్ విషయంలో ఆ చులకన నేను సహించలేను. 2001 నుంచి ఏడేళ్లు దాని బాయిలర్ రూమ్‌లో, అంటే ఓడని నడిపే ఆవిరి తయారయ్యే చోట, వాచ్‌లు (వంతుల వారీ డ్యూటీ) చేసినవాణ్ణి.

ఓడ పని మొదలైంది బ్రిటన్‌లోని బారోలో, 1944లో. ఈలోగా యుద్ధం అయిపోయింది, పని నత్తనడక నడిచింది, 1959 నవంబరుకి గానీ హెర్మిస్ పేరుతో బ్రిటిష్ నౌకాదళంలో చేరలేదు. 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలో బ్రిటిష్ దళానికి అదే ఫ్లాగ్‌షిప్, అంటే దళాధిపతి ఉండే ఓడ. 1986లో మనం కొన్నాం, 1987 మే 12న విరాట్ అయింది. 2017 మార్చి 6 దాకా పనిచేసింది. అంటే అమ్మినవాళ్ల దగ్గర కంటే మన దగ్గరే ఎక్కువకాలం ఉంది.

నాలుగు బాయిలర్లు, 76,000 హార్స్‌పవర్, 28 నాట్ల వేగం. కాగితం మీద ఇంతే. కింద సంగతి వేరు. దాని మీది యుద్ధవిమానాలు సీ హారియర్లు ఎగరాలంటే ఓడ గాలికి ఎదురు తిరిగి వేగం అందుకోవాలి. పైనుంచి ఆర్డర్ రాగానే మేం బాయిలర్‌లోకి నూనె చిమ్మే స్ప్రేయర్లు ఒక్కొక్కటే వెలిగించేవాళ్లం. నూనెకి తగ్గ గాలి అందకపోతే చిమ్నీ నుంచి నల్లపొగ, మరుక్షణం ఓడని నడిపించే పైగది బ్రిడ్జి నుంచి ఫోన్. పొగ కనబడకుండా ఆవిరి పెంచినవాడే మాలో మొనగాడు.

వేడి మాత్రం భరించలేం. బాయిలర్ సూట్ పిండితే చెమట కారేది. అంతకంటే భయం ఆవిరి లీకంటే. బాగా కాగిన ఆవిరి కంటికి కనబడదు, చప్పుడు మాత్రం వినిపిస్తుంది. మా చీఫ్ విజయనగరం ఆయన. లీకు ఎక్కడుందో వెతకడానికి చీపురు చేతికిచ్చి "తమ్ముడూ, చీపురు ముందు, నువ్వు వెనక" అనేవారు. పైపుల వెంబడి దాన్ని ముందుకు చాపుతూ అడుగులో అడుగు వేసేవాణ్ణి. ఒకసారి నా కళ్లముందే చీపురు పుల్లలు తెగిపడ్డాయి. ఇంకో రెండడుగులు వేసి ఉంటే అక్కడ నా చెయ్యి ఉండేది.

విడిభాగాల బాధ ఎప్పుడూ ఉండేది. అంత పాత వాల్వుకి కొత్తది ఎక్కడ దొరుకుతుంది? చాలావాటికి డాక్‌యార్డులో మన ఫిట్టర్లే కొలతలు తీసి చేసిచ్చేవారు. వాళ్ల పేర్లు ఎక్కడా కనబడవు. ముప్పై ఏళ్లు దాన్ని నడిపించింది ఆ చేతులే అని నా నమ్మకం.

లోపం దాచను. చివరి పదేళ్లలో రిఫిట్లు (డాక్‌లో పెట్టి చేసే పెద్ద మరమ్మతులు) ఎక్కువయ్యాయి, హారియర్లు తగ్గిపోయాయి. విమానాల్లేని విమానవాహక నౌక మీద అంత ఖర్చు అవసరమా అన్నవాళ్ల మాటలో న్యాయముంది. పాత ఓడ కొనేటప్పుడు దాని విమానాలకి ఇంకెన్నేళ్ల ఆయుష్షుందో కూడా లెక్క చూసుకోవాలి.

2016లో కొచ్చికి సొంత ఆవిరితో వెళ్లింది, తిరిగి ముంబైకి టగ్గులు లాక్కొచ్చాయి. మ్యూజియం చేస్తామని మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమూ ముందుకొచ్చింది, కుదరలేదు. 2020లో గుజరాత్‌లో ఓడలు విడగొట్టే అలంగ్‌కి తుక్కుగా వెళ్లింది. విశాఖ బీచ్‌లో మ్యూజియంగా నిలిచిన కురుసురా జలాంతర్గామిని చూసినప్పుడల్లా నాకు ఆ సంగతే గుర్తొచ్చి మనసు మెలిపెడుతుంది.

నేను చివరిసారి చూసింది 2016 ఫిబ్రవరిలో, విశాఖలో యుద్ధనౌకల ప్రదర్శన ఫ్లీట్ రివ్యూకి వచ్చినప్పుడు. ఒడ్డున జనమంతా డెక్ చూస్తున్నారు. నా చూపు చిమ్నీ మీదకే పోయింది. నల్లపొగ లేదు.