ఇనుప చిత్రిక ఆన్‌లైన్‌లో కొంటున్నారా? చెక్కకు తాకించే ముందే అడుగు చూసుకోండి

సొంతంగా వడ్రంగం చేసుకుందామని పనిముట్లు కొంటున్నవారికి ఈ హెచ్చరిక. 'పెట్టె విప్పగానే వాడుకోవచ్చు' అన్న ప్రకటన చూసి ఒక ఇనుప చిత్రిక తెప్పించాను. కొందరు రందా అంటారే, అదే. నాలుగో నంబరు రకం: సుమారు తొమ్మిదిన్నర అంగుళాల పొడవు, రెండంగుళాల బ్లేడు, చివరి నునుపుకు వాడేది. చూపులకు నిగనిగలాడుతోంది. టేకు పలక మీద తోస్తే మాత్రం ఒకసారి ఉత్తినే జారిపోతుంది, మరోసారి చెక్కను కొరికి నిలిచిపోతుంది.

స్టీలు స్కేలు అంచును అడుగుకు ఆనించి, వెలుతురుకేసి పట్టుకుంటే సంగతి తేలింది. రెండు కొసల దగ్గర స్కేలు ఆనుతోంది. బ్లేడు బయటికి వచ్చే నోటి ముందు మాత్రం కింద నుంచి వెలుతురు కనబడుతోంది. అక్కడ పల్లం ఉంటే ఆ చిత్రిక ఎందుకూ కొరగాదు. నోటి ముందు అంచు చెక్కను అదిమి పట్టాలి, లేకపోతే బ్లేడు పొరను తీయదు, పీచును లేపి చీలుస్తుంది. బ్లేడు ఆనుకునే వాలు మీద రంగు దట్టంగా పూసి వదిలేశారు కాబట్టి బ్లేడు కుదురుగా కూర్చోక కటకటలాడుతోంది. ఇక బ్లేడు సంగతి: దాని మూలను ఆకురాయితో రుద్దాను. పానం సరిగా పెట్టిన, అంటే కాల్చి ముంచి గట్టిపరిచిన ఉక్కు మీద ఆకురాయి జారిపోవాలి. ఇది మెత్తగా అరిగింది. టేకులో సహజంగానే సిలికా ఉంటుంది, మంచి బ్లేడునే మొద్దుబారుస్తుంది. దాని ముందు ఇదెంత?

అమ్మకందారును అడిగితే 'వాడే కొద్దీ సర్దుకుంటుంది' అని జవాబు. పోత ఇనుము సర్దుకోవడానికి అదేమైనా కొత్త చెప్పుల జతా? తిరిగి తీసుకోమంటే 'వాడిన వస్తువు' అన్నారు.

ఇనుప చిత్రికలన్నీ ఇంతే అనడం లేదు. మంచిది దొరికితే మర తిప్పి వెంట్రుకవాసి లోతు సర్దుకునే సుఖం చెక్క చిత్రికలో లేదు. అందులో సుత్తితో తట్టి బ్లేడు దించాలి, ఆ చెయ్యి తిరగడానికి కాలం పడుతుంది. కానీ తక్కువ డబ్బుకు కొనేవారికి నా ఓటు చెక్కదానికే. తేలిక, ఇట్టే జారుతుంది, కింద పడినా పోత ఇనుములా పగలదు. అడుగు వంకర పోయినా మరో చిత్రికతో చదును చేసుకోవచ్చు. ఇనుప అడుగును అద్దం మీద అతికించిన గరుకు కాగితంపై గంటల తరబడి రుద్దాలి. చెక్కదానిలోనూ ఒక మోసం ఉంది: పచ్చి చెక్కతో చేసి రంగు కొట్టి అమ్ముతారు. వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండల్లో కుదించుకుపోయి బ్లేడును పట్టి ఉంచే చీల వదులవుతుంది. కొసల్లో సన్నని పగుళ్లుంటే తీసుకోవద్దు.

పెట్టె విప్పేటప్పుడే వీడియో తీయండి. అందులోనే స్కేలు పెట్టి అడుగు చూపించండి. లోపమున్న వస్తువునూ, ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువునూ వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాలు ఒప్పుకోవు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. నేను అక్కడే ఫిర్యాదు చేశాను. డబ్బు ఇంకా రాలేదు, ఆ ప్రకటన మాత్రం అదే ఫొటోతో అలాగే ఉంది.