కీమో తర్వాత జుట్టుకు ట్రిమ్మర్: ఏడాదిన్నర పైగా వాడాక

ఈ ట్రిమ్మర్‌లో నాకు బాగా నచ్చింది పొడవు మార్చుకునే గార్డ్, అంటే బ్లేడ్ మీద తగిలించే దువ్వెనలాంటి ముక్క, నాకు కోపం తెప్పించింది కూడా అదే గార్డ్. బ్యాటరీ ఎంతసేపు వస్తది, నీళ్ళల్ల కడగొచ్చా, గంట ఛార్జింగ్ సరిపోతదా, ఇవన్నీ డబ్బా మీదే ఉంటాయి, గడ్డాలు గీసుకునేవాళ్ళు వాటి గురించి ఇప్పటికే కావలసినంత రాశారు. నాది గడ్డం గోల కాదు. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యి, గుండు నుంచి మళ్ళీ జుట్టు పెంచుకుంటున్న 46 ఏళ్ళ ఆడమనిషికి మగవాళ్ళ కోసం చేసిన ఈ మెషిన్ ఎక్కడ ఆదుకుంది, ఎక్కడ ముంచింది అన్నదే చెప్తున్నా.

అసలు కొన్నది డాక్టర్ మాట వల్ల. వార్డులో అందరం ఎర్ర మందు అని పిలిచే డాక్సోరూబిసిన్ మొదలైతే రెండు మూడు వారాల్లో జుట్టు ఊడుతుందని ముందే చెప్పారు, గుండు చేయించుకుంటే మంచిదేగానీ కత్తి, బ్లేడు మాత్రం వద్దన్నారు. కీమోలో తెల్లకణాలు పడిపోతాయి, ప్లేట్‌లెట్లు కూడా తగ్గవచ్చు, అప్పుడు తల మీద చిన్న గాటు పడ్డా ఇన్ఫెక్షన్ భయం. ఊడటానికి ముందు కుదుళ్ళు ఎట్లా నొస్తాయో పడినవాళ్ళకే తెలుసు, దిండు మీద తల ఆనించలేం, దువ్వెన తగిలితే కళ్ళల్ల నీళ్ళు. అప్పుడు ఇంటర్ చదివే మా చిన్నోడు డాబా మీద కుర్చీ వేసి, ముందు కత్తెరతో జడ తీసేసి, గార్డ్ లేకుండా ఈ మెషిన్‌తో మొత్తం తీశాడు. ఒక్క గాటు పడలేదు. కాకపోతే ఇది చర్మం దాకా గీయదు, మిల్లీమీటరంత మొలక మిగులుతుంది, ఆ మొలకలు కూడా తర్వాత ఊడి దిండు మీద ముళ్ళలాగా గుచ్చుకుంటాయి. మెత్తని పాత కాటన్ చీర ముక్క తలకు చుట్టుకుని పడుకుంటే కాస్త నయం.

నడుమ విగ్గు కూడా కొన్నా. అసలు జుట్టుతో చేసిందే, మనం తిరుమలలో ఇచ్చే తలనీలాలు వేలంలో అమ్ముడుపోయి చివరికి ఇట్లాంటివిగా మారతాయి కదా, ఆ లెక్కన దేవుడి ప్రసాదమే అనుకుని పెట్టుకున్నా. వరంగల్ మే ఎండలో, పైన రేకుల షెడ్డు ఉన్న ఫాల్ పికో షాపులో విగ్గు పెట్టుకుని కూర్చోవడం నా వల్ల కాలేదు. అది పెట్టెలో ఉంది. స్కూటీ మీద పోయేటప్పుడు ఎట్లాగూ ఎండాకాలం ఆడపిల్లలంతా తలకూ మొహానికీ చున్నీ చుట్టుకునే పోతారు కాబట్టి బయట నన్ను వేరుగా చూసినవాళ్ళు లేరు. షాపులోనే కష్టం. ఫాల్ వేయించడానికి వచ్చిన ఒక పెద్దమ్మ నా తల చూసి "ఏ దేవునికి ఇచ్చినవ్ బిడ్డా?" అంటే, "రాజన్నకు" అని చెప్పేశా. "మంచిగ జేసినవ్" అని ఐదు చీరలు ఇచ్చి పోయింది. వేములవాడ రాజన్న ఏమనుకున్నాడో మరి.

ఇక అసలు సంగతి. కీమో అయిపోయాక కొన్ని వారాలకే పసిపిల్లల తలలాగా మెత్తని నూగు వస్తుంది, ఆ తర్వాత నెలకు సెంటీమీటరు, మహా అయితే కొంచెం ఎక్కువ. అందరూ "ఇప్పుడు ముట్టుకోకు, పెరగనియ్" అంటారు. అక్కడే తప్పంతా. తలంతా ఒకే పొడవు పెరుగుతుంది నిజమే, కానీ మెడ దగ్గరి జుట్టు కాలర్ మీద పడి తోకలాగా కనిపిస్తుంది, చెవుల మీద రెక్కలు లేస్తాయి, నడినెత్తి జుట్టు కిందికి రావాలంటే ఇంకా చాలా నెలలు కావాలి. కాబట్టి పైభాగం ముట్టుకోకుండా మెడ, చెవుల చుట్టూ మాత్రం పొట్టిగా ఉంచుకుంటూ పోవాలి, అప్పుడే అది పెరుగుతున్న జుట్టు కాకుండా కావాలని కత్తిరించుకున్న జుట్టులాగా ఉంటుంది. ఈ ముక్క నాకు ఏ పార్లర్‌లోనూ చెప్పలేదు. నేను అడిగిన లేడీస్ పార్లర్లలో నడుము దాకా ఉన్నదాన్ని భుజం దాకా కత్తిరించడం వచ్చు, వేలెడు జుట్టు చూస్తే చేతులు కట్టుకుని నిలబడ్డారు.

ఈ మెషిన్‌కు పక్కన చక్రం ఉంటుంది, దాన్ని తిప్పితే గార్డ్ 1 నుంచి 20 మిల్లీమీటర్ల దాకా జరుగుతుంది. మెడ దగ్గర 6, చెవుల వెనుక 9, కొంచెం పైకి 12, ఇట్లా ఒక్క గార్డ్ తోనే మెల్లగా కలిపేయొచ్చు, నడుమ నడుమ గార్డ్‌లు మార్చే పని లేదు. ఇది ఎందుకు అంత ముఖ్యమంటే నాకు ఆపరేషన్ అయింది కుడివైపు, చంకలో లింఫ్ గ్రంథులు కూడా తీశారు, నాది కుడిచేతి వాటం. గోడ మీద వేళ్ళు పాకించే ఎక్సర్‌సైజ్ రోజూ చేసినా ఆ చెయ్యి చాలాకాలం మెడ వెనక్కి సరిగా పోలేదు, పోయినా ఎక్కువసేపు ఎత్తి ఉంచితే లాగుతుంది. ఇది బరువు లేదు, ఎడమచేత్తో కూడా పట్టుకోవచ్చు, రెండు అద్దాలు ఎదురెదురుగా పెట్టుకుంటే ఎవరి సాయం లేకుండా మెడ శుభ్రం చేసుకోవచ్చు. నెలల తరబడి బట్టలు కట్టుకోవడానికి కూడా ఒకరిని పిలిచినదానికి ఒంటరిగా బాత్రూంలో నిలబడి మెడ గీసుకోవడం ఎంత సంబరమో. ఆ సంబరంలోనే కీమో వార్డులో కనిపించిన ప్రతి ఆమెకూ కొను కొను అని చెప్పా. ఫోటో తీసి పంపా కూడా.

వాళ్ళలో కొందరికి తర్వాత ఫోన్ చేసి ఆగమని చెప్పాల్సి వచ్చింది.

కీమో అయ్యాక వచ్చిన మొదటి బతుకమ్మ పండుగ. జుట్టు మూడు వేళ్ళంత ఉంది, మునుపు సాఫుగా ఉండేది కీమో తర్వాత రింగులు రింగులుగా వచ్చింది. సద్దులకు పద్మాక్షి గుట్ట దగ్గరికి పోవాలని, పోయిన ఏడు ఇంట్లో అనుమానంతో, రిపోర్టులతో గడిచింది కాబట్టి ఈసారి పట్టుచీర కట్టుకుని తీరాలని అనుకున్నా. రెండు రోజుల ముందు పొద్దున్నే మెడ సర్దుకుని, చక్రం 12 మీద పెట్టి కుడి చెవి వెనుక నుంచి పైకి తీసుకుపోతుంటే టక్కుమని ఒక చప్పుడు. గార్డ్ కిందికి దిగిపోయింది. చక్రం మాత్రం 12 అనే చూపిస్తోంది, లోపల పట్టుకునే పన్ను అరిగి జారింది. చేత్తో తడిమి చూస్తే చెవి వెనుక నుంచి నడినెత్తి దిక్కుకు రెండు వేళ్ళ వెడల్పున దారి పడింది, పొలంలో నాగటిచాలు పోయినట్టు. అద్దంలో చూసి ఏడుపు రాలేదుగానీ కోపంతో చేతులు వణికాయి. రెండోసారి గుండు ఎవరికి మొక్కుకోవాలి? మా ఆయన "చున్నీ కప్పుకో, ఎవలు చూస్తరు" అన్నాడు. పట్టుచీర మీద చున్నీ ఏందో.

చిన్నోడే బండి మీద హన్మకొండ చౌరస్తా దగ్గర తను పోయే సెలూన్‌కు తీసుకుపోయాడు. నేను లోపలికి రానన్నా. మగవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు, టీవీలో క్రికెట్. కటింగ్ చేసే అబ్బాయికి పాతికేళ్ళు ఉంటాయేమో, బయటికే వచ్చి తల చూసి "ఎవలు గీకిన్రక్కా గిట్ల?" అన్నాడు. మెషిన్ అని చెప్పా. "ముందుగల్ల గుండు మొక్కుదా?" అన్నాడు. ఎందుకో అతనికి రాజన్న పేరు చెప్పబుద్ధి కాలేదు, కీమో అన్నా. ఒక్క క్షణం ఊరుకుని, "మా మేనత్తకు గూడ అయింది, రాండ్రి, వెనక కుర్చీ ఉంది" అన్నాడు. బ్లేడ్ కొత్తది విప్పి, స్పిరిట్‌తో నా ముందే తుడిచి, ఆపరేషన్ అయిన దిక్కు ఏదో అడిగి, ఆ భుజం మీద బరువు పడకుండా గుడ్డ కట్టాడు. పడిన దారిని దాచడానికి పోకుండా చెవుల చుట్టూ మొత్తం ఆ పొట్టి లెవెల్‌కు దించి, అక్కడినుంచి పైకి పోనుపోను పొడుగ్గా కలుపుకుంటూ పోయాడు. పిల్లలు చేయించుకునే ఫేడ్ కటింగే. పైన రింగులు మాత్రం ముట్టలేదు, "గివి పోతయక్కా, ఉన్నన్ని దినాలు ఉంచుకోండ్రి" అన్నాడు.

పట్టుచీర, ముక్కుపుడక, పైన రింగులు, పక్కల ఫేడ్. నేను ఇంత బాగుంటానని నాకు తెలియదు, నిజం చెప్తున్నా. పెట్టుకోవడానికి జడ లేదు కాబట్టి చామంతిపూలు రెండు చిన్న క్లిప్పుకు కుట్టి చెవి పైన పెట్టా, కుట్టుపని మన చేతిలోదే కదా. బతుకమ్మ ఆడుతుంటే కాలేజీ పిల్లలు వచ్చి ఏ పార్లర్‌లో చేయించారని అడిగారు.

పండుగ అయ్యాక సర్వీస్ సెంటర్‌కు పోతే గార్డ్ విడిగా దొరకదు, మెషిన్ మొత్తం మార్చుకోవాలి, గార్డ్ వారంటీలో రాదు అన్నారు. 2,000 లోపు వస్తువుకు అంతకంటే ఏం మాట్లాడతారు. పంతానికి సెలూన్‌లో వాడే పెద్ద మెషిన్ కొన్నా, దానికి ఒక్కో సైజుకు ఒక్కో గార్డ్ ఉంటుంది, ఒకటో నంబర్ 3 మిల్లీమీటర్లు, రెండోది 6, మూడోది 10, నాలుగోది 13. జారే మాటే లేదు. కానీ బరువు, పైగా వైరు, నా కుడిచెయ్యి ఐదు నిమిషాలకే వద్దంటుంది. దాంతో మళ్ళీ పాత దాని దగ్గరికే వచ్చా, గార్డ్ 6 మీద పెట్టి పక్కన రబ్బర్ బ్యాండ్ బిగించి మెడ వరకే వాడుతున్నా, చెవి దాటి పైకి పోవాలంటే సెలూన్. అంటే నేను మొదట మెచ్చుకున్న ఆ చక్రం ఇప్పుడు అసలు తిప్పడం లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. జుట్టు ఒత్తుగా వచ్చేసింది, ట్రిమ్ చేస్తే ఒత్తు పెరుగుతుంది అని అప్పుడు అందరికీ చెప్పేదాన్ని. ట్రిమ్ చేస్తే కొనలు మొద్దుగా కనిపిస్తాయి అంతే, కుదురులో ఏమీ మారదు. నేను రొమ్ము క్యాన్సర్ మళ్ళీ రాకుండా ఇచ్చే టామోక్సిఫెన్ మాత్ర వేసుకుంటున్నా, దానితో కొందరికి జుట్టు పలచబడుతుందట, నాకు పాపిట దగ్గర ఇప్పుడు కొంచెం పలచగానే ఉంది. జుట్టు కోసమని బయోటిన్ అనే విటమిన్ మాత్రలు కూడా కొన్నాళ్ళు వేసుకున్నా, రక్త పరీక్షకు పోయినప్పుడు డాక్టర్ ఆపమన్నారు, అవి థైరాయిడ్ లాంటి పరీక్షల్లో లెక్కలు తప్పుగా చూపించగలవట. ఉల్లిరసం జోలికి పోలేదు, పొరుగామె సీసాలో తెచ్చి పెట్టింది, వాసనకే దండం పెట్టా.

రింగులకు నేను చేసేదేం లేదు. టవల్‌తో రుద్దకుండా కాటన్ గుడ్డతో అద్దడం, తడి ఉన్నప్పుడే వెడల్పు పళ్ళ దువ్వెన, రెండు చుక్కల కొబ్బరినూనె. ఒక పార్లర్ ఆమె స్మూతెనింగ్ చేస్తా, మునుపటిలాగా సాఫుగా వస్తది అంది. నెత్తి చర్మం ఇంకా పచ్చిగా ఉన్నట్టే అనిపించేది, ఆ మందులు ఎక్కించుకోవడానికి మనసు ఒప్పలేదు. రంగు కూడా కీమో అయ్యాక కనీసం ఆరు నెలలు ఆగమన్నారు, ఆ తర్వాత చెవి వెనుక కొంచెం పూసి రెండు రోజులు చూసుకుని వేసుకోమన్నారు, ఆలోపు తెల్లవెంట్రుకలకు అలవాటు పడిపోయా. సెలూన్ అబ్బాయి అన్నట్టు ఇప్పుడు కుదుళ్ళ నుంచి సాఫు జుట్టే వస్తోంది, రింగులు కొనలకు మిగిలాయి. పొడుగు పెంచాలా, రింగులు ఉన్నంతవరకు ఇట్లాగే కత్తిరించుకోవాలా అన్నది ఇంట్లో రోజూ నడిచే పంచాయితీ. మా అత్తమ్మ జడ పార్టీ, చిన్నోడు ఫేడ్ పార్టీ.

కొనమంటారా అంటే, కీమో మొదలయ్యే ముందు గుండుకు, తర్వాత మెడ సర్దుకోవడానికి కొనొచ్చు. ఇంట్లో వెనక పట్టి చూసే మనిషి ఉండి, చెయ్యి బాగా లేస్తే సెలూన్ మెషినే నయం, గార్డ్‌లు విడిగా దొరుకుతాయి. నాలాగా కుడివైపు ఆపరేషన్ అయ్యి ఒంటరిగా చేసుకోవాలంటే బరువు తక్కువదే కావాలి, అప్పుడు గార్డ్‌తో ఈ రిస్క్ తప్పదు. ఒకటే జాగ్రత్త, షాపులోనే డబ్బా విప్పించి, చక్రం 12 మీద పెట్టి గార్డ్‌ను బొటనవేలితో గట్టిగా కిందికి నొక్కి చూడండి. కొంచెం కదిలినా వెనక్కి ఇచ్చేయండి. మీకోసం కొన్నది ఇంట్లో మగవాళ్ళ గడ్డానికి ఇవ్వకండి, మావాడు రెండుసార్లు అడిగాడు, కీమో అయ్యేదాకా ముట్టనివ్వలేదు.