కొన్నేళ్లు పీచు తిండి తిన్నాక: ఏది పనిచేసింది, ఏది ఉత్త హడావుడి

ముందు ఫలితం చెప్పేస్తాను. పీచు ఎక్కువున్న తిండికి మారాక నా మలబద్ధకం పోయింది. రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం, పొద్దున ఉప్మా, రెండు పూటలా తెల్లన్నం, సాయంత్రం టీతో బిస్కెట్లు. అప్పట్లో రెండు మూడు రోజులకోసారి మోషన్ అయితే గొప్ప, అదీ అవస్థ పడి. ఇప్పుడు ఆ టెన్షన్ లేదు. కాకపోతే పేరంతా చిరుధాన్యాలు కొట్టేశాయి, నా విషయంలో అసలు పని చేసినవి పొట్టు పప్పులూ కూరలూ.

ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక మా దగ్గర సూపర్ మార్కెట్‌లో కొర్రలు, సామలు, అరికెలకు ఏకంగా ఒక వరుసే కేటాయించారు. నేనూ కొన్నాను. కొర్రన్నం పులుసులోకి బాగానే ఉంటుంది, అరికెలు మాత్రం నాకు ఎక్కలేదు. కొనేటప్పుడు గింజ రంగు చూడండి. మరీ తెల్లగా మెరుస్తుంటే పాలిష్ పట్టినట్టే. తవుడు పోయాక పీచు ఏం మిగులుతుంది? ధర మాత్రం బియ్యం కంటే ఎక్కువే.

జొన్న రొట్టెది వేరే సంగతి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం వంద గ్రాముల జొన్నల్లో పది గ్రాముల పైన పీచు ఉంటుంది, తెల్ల బియ్యంలో మూడు గ్రాములు కూడా లేదు. వారంలో మూడు నాలుగు రాత్రులు రొట్టెలే తింటాను. చేత్తో తట్టడం నాకు ఇప్పటికీ సరిగ్గా రాదు. పక్క వీధిలో ఒకావిడ చేసి అమ్ముతుంది, అక్కడే తెచ్చుకుంటాం. గోధుమ పిండిని జల్లెడ పట్టడం కూడా మానేశాను.

ఇక పప్పులు. అదే పట్టికల్లో పొట్టు తీసిన పెసరపప్పులో తొమ్మిది గ్రాములుంటే, పొట్టుతో ఉన్న పెసల్లో పదిహేడు. మినుములకూ అంతే, పొట్టు తీస్తే పన్నెండు, తీయకపోతే ఇరవై. అంటే కొత్తగా ఏదీ కొనకుండానే, రోజూ చేసుకునే ఇడ్లీలో, పెసరట్టులో వేసే పప్పు నుంచి వచ్చే పీచు దాదాపు రెట్టింపవుతుంది. పొట్టు మినప్పప్పుతో చేసిన ఇడ్లీ నల్లచుక్కలతో కాస్త బరకగా వస్తుంది. "చుట్టాలొచ్చినప్పుడు మాత్రం ఇవి పెట్టకమ్మా" అంటుంది మా అత్తయ్య, కానీ ఆవిడే నాలుగు తింటుంది. దీనికి తోడు గోరుచిక్కుడు, చిక్కుడు, కాడలతో సహా తోటకూర. నాకు తెలిసిన మార్పు ఇక్కడే వచ్చింది. అన్నం సగానికి తగ్గించి, కూర రెట్టింపు వడ్డించుకోవడం మొదలుపెట్టాకే పొద్దున పూట అవస్థ పోయింది. సాయంత్రం బిస్కెట్ల బదులు గింజలతో సహా ఒక జామకాయ.

రోజుకు 2000 క్యాలరీలు తినేవాళ్లకు 30 గ్రాముల పీచు కావాలని ఆ పోషకాహార సంస్థే చెబుతుంది. అంత తింటున్నానా అని నేను లెక్కపెట్టుకోను. ఆ లెక్కలు మొదలుపెడితే తిండి మీద విరక్తి వస్తుంది.

ఇబ్బందులు లేవా అంటే, ఉన్నాయి. మొదటి రెండు మూడు వారాలు కడుపు ఉబ్బరం, గ్యాస్. ఆఫీసు మీటింగుల్లో ఎంత కష్టమో చెప్పలేను. పేగుల్లోని బ్యాక్టీరియా ఈ పీచును పులియబెడుతుంది కాబట్టి గ్యాస్ రావడం మామూలే. అందుకే ఒక్కో పదార్థాన్నే పెంచుకుంటూ పోవాలి. శనగలు, రాజ్మా రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి ఉడికిస్తే కొంత నయం. నీళ్లు తాగకుండా పీచు మాత్రం పెంచితే మలం ఇంకా గట్టిపడి మొదటికే మోసం వస్తుంది.

ఇసబ్గోల్ గురించి, అంటే నీళ్లలో కలుపుకుని తాగే ఆ పీచు పొట్టు గురించి, చాలామంది అడుగుతారు. పనిచేస్తుంది, సందేహం లేదు. పెద్ద గ్లాసు నీళ్లలో ఒక స్పూను కలిపి వెంటనే తాగేయాలి, ఆలస్యమైతే జిగురు ముద్దయి గొంతు దిగదు. పొడిగా నోట్లో వేసుకోవడం ప్రమాదం, గొంతులోనే ఉబ్బి అడ్డుపడొచ్చు. నేను ప్రయాణాల్లో, పెళ్లి భోజనాల తర్వాత మాత్రమే వాడతాను. రోజూ తీసుకోవడానికి భయమేమీ లేదు, కూర తింటే సరిపోయేదానికి డబ్బా ఎందుకని అంతే. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు మాత్రం ఇసబ్గోల్‌ను దానికి దగ్గరగా తీసుకోవద్దు, మందు ఒంటికి సరిగ్గా పట్టదు. నేను మాత్ర పొద్దున పరగడుపున వేసుకుంటాను, ఇసబ్గోల్ తాగాల్సి వస్తే రాత్రికే.

మా చెల్లికి ఇదంతా సరిపడలేదు. తనకి ఐబీఎస్ ఉంది, అంటే తరచూ కడుపునొప్పి, మోషన్ ఇబ్బందులు వచ్చే పేగుల సమస్య. శనగలు, రాజ్మా తింటే కడుపునొప్పి పెరిగింది. డాక్టరు చెప్పాక అవి ఆపేసి, ఇసబ్గోల్ ఒక్కటే కొద్దికొద్దిగా వాడుతోంది. మలంలో రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, ఉన్నట్టుండి మోషన్ అలవాటు మారినా తోటకూరతో సరిపెట్టుకోకుండా నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లండి.